కూర్చుంటే ఒక ముక్క

ఆ సోమవారం ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, కుక్కపిల్లకి కూర్చోవడం నేర్పాలి, స్నానం చేసి ఆఫీసుకి వెళ్ళాలి. ఇందులో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

కుక్కపిల్ల పేరు బుడంకాయ. మూడో నెల నడుస్తున్న ఆ పిల్లకి పొట్ట ముందు నడిచేది, కాళ్ళు వెనకాల వచ్చేవి. గుమాస్తా భార్య ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. పెళ్ళయినప్పటినుంచి ఆవిడ నోరు తెరిచి అడిగింది ఈ ఒక్క కుక్కపిల్లనే. ఏళ్ళ తరబడి "చూద్దాంలే" అంటూ నెట్టుకొచ్చిన గుమాస్తా, చివరికి ఒక సాయంత్రం దాన్ని చొక్కాలో దాచి తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆ సాయంత్రం ఆవిడ కుట్టిన చొక్కాకి రెండు చేతులూ ఒకే పక్కన పడ్డాయి. అంత సంతోషం.

ఆ సంతోషానికి కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు గండం తెచ్చిపెట్టాడు. నిజానికి తెచ్చింది బుడంకాయే. మెట్ల దగ్గర విప్పిన ఆయన కొత్త బూటు నాలుకని అది తీరిగ్గా నమిలి పారేసింది. ఇంకో ఓనరైతే నాలుగు తిట్టి ఊరుకునేవాడు. ఈ ఓనరే గుమాస్తా పనిచేసే ఆఫీసులో పెద్దసారు కూడా. ఇంట్లో ఆయన నెత్తిమీద కాపురం, ఆఫీసులో ఆయన కాళ్ళకింద ఉద్యోగం, ఇదీ గుమాస్తా బతుకు.

"ఆదివారం పొద్దున్నే పైకొస్తా," అన్నాడు పెద్దసారు, నాలుక లేని బూటు చేత్తో పట్టుకుని. "కూర్చో అంటే కూర్చోవాలి. చెప్పినమాట వినే జంతువైతే ఉంచుకోండి. వినకపోతే మాత్రం, ఖాళీ చెయ్యాల్సింది అదో మీరో మీరే తేల్చుకోండి."

దంపతులిద్దరూ ఆ రోజే పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తారు. శిక్షణకి పనికొస్తుందని దారిలో కొన్న బిస్కెట్ల ప్యాకెట్టుని ఆవిడ తిరగేసి చూసి పక్కన పెట్టేసింది.

"ఇందులో ఉప్పుంది, చక్కెరుంది, రంగు కూడా వేశారు. పసిపిల్లకి ఇవెందుకు? గుమ్మడికాయ ఉడకబెట్టి మెదిపి, ఓట్స్ పిండీ క్యారెట్ తురుమూ కలిపి, కరకరలాడేలా కాల్చండి. ఆపిల్ వేసుకోవచ్చు, గింజలు మాత్రం తీసెయ్యండి. చాక్లెట్, ద్రాక్ష, ఉల్లిపాయ దాని దరిదాపులకి కూడా రానివ్వద్దు, కుక్కలకి అవి విషం. ముక్క బఠాణీ గింజంతే ఉండాలి. ఇది దాని పొట్ట నింపడానికి కాదు, పాఠం చెప్పడానికి."

"పాఠం ఎలా చెప్పాలండీ?" అన్నాడు గుమాస్తా.

"ముక్కలు క్లిప్పు డబ్బాలో పెట్టండి. ముందు మూత టక్కుమనాలి, తర్వాత కూర్చో అనాలి. కూర్చోగానే ఒక ముక్క. అంతే. కొన్నాళ్ళకి మీరు నోరు తెరవక్కర్లేదు, మూత చప్పుడుకే వచ్చి కూర్చుంటుంది. అది బాగా వచ్చాకే రెండో పాఠం, చెయ్యి ఇవ్వడం."

"అన్ని కుక్కలకీ పని చేస్తుందంటారా?"

"తిండిమీద ఆశ ఉన్న ప్రాణి ఏదైనా సరే," అంది డాక్టరమ్మ.

పని పంచుకున్నారు. తయారీ ఆవిడది, శిక్షణ ఈయనది. ఇంట్లో ఉన్న రెండు క్లిప్పు డబ్బాలూ ఒక్క సెట్టులోవి, కవలపిల్లల్లా ఉంటాయి. ఒకదాంట్లో గుమాస్తా ఆఫీసుకి తీసుకెళ్ళే వేయించిన వేరుశనగపప్పు, రెండోదాంట్లో బుడంకాయ ముక్కలు. పొరపాటు జరగకూడదని ఆవిడ కుక్క డబ్బాకి ఎర్ర గుడ్డపేలిక కట్టింది. కుట్టుపని చేసే ఇంట్లో దేనికైనా పేలికే గుర్తు. ఎవరి కొలతలు ఎవరివో, ఏ గుడ్డ ఎవరిదో, ఆఖరికి ఏది ఉప్పో ఏది పంచదారో కూడా ఆ ఇంట్లో పేలికలే చెబుతాయి.

సోమవారం పొద్దున్న గుమాస్తా "కూర్చో, కూర్చో" అని గొంతు పోయేదాకా అరిచాడు. బుడంకాయ కూర్చోలేదు. డబ్బా చుట్టూ తిరిగి, పేలిక ఊడబీకి, దాన్ని నోట కరుచుకుని సోఫా కిందికి దూరింది. అప్పటికే ఆలస్యమైన గుమాస్తా స్నానం కూడా ఎగ్గొట్టి, బల్లమీద కనబడ్డ డబ్బా సంచిలో వేసుకుని పరిగెత్తాడు.

ఆయన ఆఫీసు లిఫ్టుల కంపెనీలో ఫిర్యాదుల విభాగం. మధ్యలో ఆగిపోయిన లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళు బయటపడ్డాక రాసే ఉత్తరాలకి ఇక్కడినుంచి మర్యాదగా జవాబులు వెళతాయి. ఆ విభాగంలో ఒక అలవాటు ఉంది. పదకొండు గంటల టీకి అందరూ డబ్బాలు తెచ్చి ఒకే బల్లమీద తెరుస్తారు. ఎవరి డబ్బా వాళ్ళు ముట్టుకోకూడదు, పక్కవాళ్ళది తినాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదుగానీ, దానివల్ల పక్కవాళ్ళింట్లో వంట ఎలా ఉందో తప్ప తన ఇంటి సంగతి ఎవరికీ తెలియదు.

పెద్దసారు ఆ బల్ల దగ్గర కూర్చున్న పాపాన పోలేదు. అసలు ఆయన కూర్చోగా చూసినవాళ్ళే లేరు. రోజంతా కుర్చీల వెనకాల తిరుగుతూ, మెడమీద ఊపిరి వదులుతూ తప్పులు పడతాడు. దానికి తోడు డాక్టరు ఆయనకి నూనె, ఉప్పు, తీపి మూడూ మాన్పించాడు. అందుకని టీ వేళ అందరూ తింటుంటే ఆయన నిలబడి అరిచేవాడు.

"ఏమయ్యా, ఇదేనా జవాబు?" ఆ రోజూ గుమాస్తా రాసిన ఉత్తరం ఊపుతూ వచ్చాడు. "గంటసేపు లిఫ్టులో ఇరుక్కున్నాయనకి 'మీ ఓపికకి ధన్యవాదాలు' అని రాస్తావా? ఓపిక పట్టక లోపల ఆయన ఇంకేం చేస్తాడు?"

గుమాస్తాకి కంగారు పుట్టింది. కంగారులో చేతులు డబ్బా మూత తీశాయి. టక్. పొద్దుటినుంచి నానిన మాటే నోట్లోంచి జారింది.

"కూర్చోండి సార్. ఒకటి తీసుకోండి."

ఏ కళనున్నాడో, పెద్దసారు ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. కరకర నమిలాడు. ఇంకోటి తీసుకున్నాడు. బల్ల చుట్టూ అందరి నోళ్ళూ ఆగిపోయాయి.

"నూనె లేదే! ఉప్పూ లేదు. తీపి ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. ఏమయ్యా, మీ ఇంట్లో చేసినవేనా?"

"ఇంట్లోవే సార్," అన్నాడు గుమాస్తా, డబ్బాకేసి చూడకుండా. వేరుశనగపప్పు గురించి అంత పొగడ్త ఎందుకో ఆయనకి బోధపడలేదు.

పెద్దసారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డబ్బా మొత్తం ఖాళీ చేసి, ఉత్తరం సంగతి మర్చిపోయి, తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా ఆఫీసులో ఫ్యాన్ల చప్పుడు వినిపించింది.

సాయంత్రం ఇంటికొచ్చిన గుమాస్తాకి గుమ్మంలోనే భార్య ఎదురైంది. "మీ పప్పు డబ్బా ఇక్కడే మర్చిపోయారేంటి? బుడంకాయ డబ్బా ఎక్కడ పెట్టారు?"

సోఫా కిందినుంచి బుడంకాయ వచ్చింది. నోట్లో ఎర్ర పేలిక ఉంది. గుమాస్తాకి కాళ్ళకింద నేల కదిలింది. కుక్క ముక్కలు మేపింది సాదాసీదా మనిషిని కాదు, ఆదివారం తీర్పు చెప్పబోయే మనిషిని! చెబితే కుక్క పోతుంది, ఇల్లు పోతుంది, ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం కూడా లేదు.

"అయిపోయాయి," అన్నాడు.

"అన్నీనా! అంత బాగా నేర్చుకుంటున్నాడా?"

"డబ్బా తెరిస్తే చాలు, వచ్చి కూర్చున్నాడు," అన్నాడు గుమాస్తా. అబద్ధం ఆడకుండా బయటపడే దారి అదొక్కటే కనబడింది.

ఆవిడ మురిసిపోయి మర్నాటికి రెండింతలు చేసింది.

మంగళవారం ఎలాగైనా నిజం చెప్పేద్దామని, రుజువుకి కుక్క డబ్బా కూడా పట్టుకుని, గుండె చిక్కబట్టుకుని పెద్దసారు గదికి వెళ్ళాడు గుమాస్తా. నోరు విప్పేలోపే ఆయన అందుకున్నాడు. "నిన్న సాయంత్రం ఆకలే వెయ్యలేదయ్యా. మా డాక్టరుకి ఫోన్ చేసి చెప్పా. ఏం తిన్నావన్నాడు. మా ఆఫీసులో ఒక పెద్దమనిషి ఇంట్లో చేసిన పలహారం అన్నా. మానొద్దన్నాడు. తెచ్చావా?" తన జీవితంలో పెద్దసారు నోట 'పెద్దమనిషి' అనిపించుకున్న మొదటి రోజు అది. కక్కలేక మింగలేక గుమాస్తా డబ్బా తెరిచాడు. టక్. పెద్దసారు కూర్చున్నాడు.

బుధవారానికి గుమాస్తా డబ్బా గదిదాకా మోసుకెళ్ళే పని కూడా తప్పింది. పెద్దసారు లోపల ఫోన్లో ఎవరినో ఉతికి ఆరేస్తున్నాడు. బల్ల దగ్గర మూత టక్కుమంది. "మళ్ళీ చేస్తా" అని ఫోను పెట్టేసి, బయటికొచ్చి, తన కుర్చీలో బుద్ధిగా కూర్చుని, డబ్బావైపు చూశాడు.

"ఏం మందు పెట్టావయ్యా బాబూ?" అని పక్కసీటాయన గుమాస్తా చెవిలో అడిగాడు.

"గుమ్మడికాయ," అన్నాడు గుమాస్తా నీరసంగా.

గురువారం గోరుచుట్టుమీద రోకటిపోటు పడింది. కంపెనీ పెద్ద ఆఫీసునుంచి ముగ్గురు తనిఖీకి వస్తున్నారు. మామూలుగా తెప్పించే నూనె సరుకుని పెద్దసారు ముందురోజే వద్దన్నాడు. "మీ ఆవిడ చేసేవే పెడదాం. పెద్ద డబ్బా నిండా తీసుకురా. ఆరోగ్యం అంటే ఏంటో వాళ్ళు కూడా తెలుసుకుంటారు." ముగ్గురు పెద్దలూ టై సర్దుకుంటూ, గుప్పెళ్ళతో తింటూ, ఫిర్యాదుల లెక్క చూడడం మర్చిపోయారు. వాళ్ళలో ఒకాయన, బాగా కాల్చిన ముక్కలు ఏరుకుని జేబులో వేసుకోవడం గుమాస్తా కళ్ళారా చూశాడు.

మరి బుడంకాయ? దాని వంతు ముక్కలు దానికి దక్కడం లేదు. పొద్దున్న పాఠానికి గుమాస్తా పచ్చి క్యారెట్ చెక్కులు పెట్టేవాడు. అది ఒకటి నోట్లో పెట్టుకుని, ఈయన ముఖంలోకి చూసి, నేలమీద పెట్టేసేది. కూర్చో అంటే పడుకునేది, పడుకో అంటే పరిగెత్తేది. తిండి లేని బడిలో ఏ పిల్లాడు చదువుతాడు?

శుక్రవారం భార్యకి అనుమానం వచ్చింది. అంత చిన్న పొట్టలోకి అన్ని ముక్కలు వెళితే ప్రమాదం కదా అని బుడంకాయని చంకనేసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. డాక్టరమ్మ తూచి చూసింది.

"పెరగాల్సినంతే పెరిగింది. ఎక్కువ తిన్న పిల్లలా లేదే. మీరు చేసేవన్నీ ఇదే తింటోందని మీకు గట్టి నమ్మకమేనా?"

ఆవిడ దారంతా ఆలోచించుకుంటూ వచ్చింది. డబ్బా రోజూ ఎవరితో వెళుతోంది? ఎవరి చేతిలో ఖాళీ అవుతోంది? ఇంటికి రాగానే మొగుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, నిజం చెప్పండి. బుడంకాయ ముక్కలు మీరే తింటున్నారు కదూ?"

గుమాస్తాకి ముందు నుయ్యి, వెనక గొయ్యి కనబడ్డాయి. నుయ్యే కాస్త లోతు తక్కువనిపించింది. "అవును," అన్నాడు తలొంచుకుని.

"కంచే చేను మేస్తే ఇంక నేనెవరికి చెప్పుకోను? ఆకలేస్తే నన్నడగొచ్చుగా! నేను వండేది చాలకేనా కుక్క నోటి దగ్గరిది లాక్కుంటున్నారు?" ఆవిడకి కోపం రావాల్సింది పోయి జాలి వచ్చింది. కళ్ళు తుడుచుకుని మిషను దగ్గర కూలబడింది. బుడంకాయ వెళ్ళి ఆవిడ పాదంమీద తలపెట్టి పడుకుంది. మిషను తొక్కితే దానికి నిద్ర చెడుతుందని ఆవిడ కాలు కదపలేదు.

"ఎల్లుండి వీణ్ణి పంపించేస్తే," అంది, "మళ్ళీ పొద్దస్తమానం ఈ మిషను చప్పుడొక్కటే కదండీ నాకు."

ఆ మాట గుమాస్తాకి గుండెల్లో దిగింది. పెద్దసారు అరుపులకి కూడా ఆయన అంత బాధపడలేదు. శనివారం సెలవు పెట్టి, కొత్త ముక్కలు పెట్టుకుని, పొద్దుటినుంచి బుడంకాయకి పాఠం చెప్పాడు. అది చూసి నేర్చుకుంటుందేమోనని తనే నేలమీద కూర్చుని లేచి చూపించాడు. బుడంకాయ ఈ ఆట ఎంతో బాగుందన్నట్టు తోక ఊపింది. సాయంత్రానికి గుమాస్తాకి నడుం పట్టేసింది, కుక్కకి మాత్రం చదువు అబ్బలేదు.

ఆదివారం పెద్దసారు మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలో బూట్లు కూడా విప్పలేదు, వాటితోనే లోపలికి నడిచాడు. విప్పితే ఏమవుతుందో ఆయనకి అనుభవమే.

"కూర్చోండి సార్," అని కుర్చీ చూపించింది గుమాస్తా భార్య.

"నేను కూర్చోడానికి రాలేదమ్మా. పరీక్ష చూసి వెళతా. కానివ్వండి."

నడుంమీద చెయ్యి పెట్టుకుని గుమాస్తా బుడంకాయ ముందు నిలబడ్డాడు. చేతిలో డబ్బా ఉంది. భార్య మిషనుమీద చెయ్యేసి నిలబడింది. కుట్టుకునే బుల్లి స్టూలు గది మధ్యలో ఉంది, తియ్యడం ఎవరికీ తట్టలేదు. గుమాస్తా కళ్ళు మూసుకుని క్లిప్పు లాగాడు.

టక్.

"కూర్చో!"

గదిలో ఎవరో కూర్చున్న చప్పుడైంది. గుమాస్తా ఆశగా కళ్ళు తెరిచాడు. బుడంకాయ నిలబడే ఉంది. పెద్దసారు బుల్లి స్టూలుమీద, మోకాళ్ళు గడ్డానికి ఆనేట్టు కూర్చుని, డబ్బావైపు చూస్తున్నాడు. తను ఎప్పుడు కూర్చున్నాడో ఆయనకీ తెలిసినట్టు లేదు. చెయ్యి దానంతటదే ముందుకొచ్చి, డబ్బాలోంచి రెండు ముక్కలు తీసుకుని నోట్లో వేసింది.

"అయ్యయ్యో సార్! ఉమ్మెయ్యండి, అవి కుక్కవి!" అని అరిచింది భార్య.

పెద్దసారు నమలడం ఆపాడు. "కుక్కవేంటమ్మా? ఇవి మీ ఆయన రోజూ ఆఫీసుకి..."

"ఏం చెప్పమంటారు సార్, నా ఖర్మ. బుడంకాయ కోసం నేను కాలిస్తే, రోజూ పట్టుకుపోయి ఈయనే తినేస్తున్నారు. నిన్నగాక మొన్న ఒప్పుకున్నారు కూడా. మీరే గట్టిగా చెప్పండి సార్. మనిషి పుట్టుక పుట్టి కుక్క తిండి తినడమేంటండీ?"

తేలు కుట్టిన దొంగలు ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారు. గుమాస్తా చూపులో క్షమాపణ ఉంది. పెద్దసారు చూపులో సోమవారం ఉంది, మంగళవారం ఉంది, గురువారం వచ్చిన ముగ్గురు పెద్దలూ వాళ్ళ టైలతో సహా ఉన్నారు. ఆయన ముఖం ఎర్రబడింది, తెల్లబడింది, చివరికి ఏ రంగూ తేలక అలాగే ఉండిపోయింది.

"ఇందులో... ఏమేం వేస్తారమ్మా?" అన్నాడు.

"అన్నీ మంచివే సార్. గుమ్మడికాయ, ఓట్స్, క్యారెట్, ఆపిల్. పశువుల డాక్టరమ్మ చెప్పింది. అరుగుదలకి మంచిదట, బొచ్చు కూడా నిగనిగలాడుతుందట."

పెద్దసారు చెయ్యి నెమ్మదిగా తన బట్టతలమీదికి వెళ్ళి, అక్కడ కాసేపు వెతికి, కిందికి దిగింది. నోట్లో ఉన్నది ఉమ్మాలా మింగాలా అని ఆలోచించాడు. మింగాడు.

"ఏమయ్యా," అన్నాడు గొంతు తగ్గించి. "ఆఫీసులో ఇంకెవరికైనా తెలుసా?"

"ఏంటి సార్ తెలియడం?" అన్నాడు గుమాస్తా. ఏళ్ళ తరబడి ఫిర్యాదులకి జవాబులు రాసిన అనుభవం ఆయనకి ఆ క్షణంలో అక్కరకొచ్చింది.

పెద్దసారు ఆయన్ని మొదటిసారి గౌరవంగా చూశాడు. ఆ చూపులో భయం కూడా కాస్త కలిసింది. ఈలోగా బుడంకాయ వచ్చి ఆయన రెండో జత బూటు తాడు నమలడం మొదలుపెట్టింది. ఆయన కాలు కదపలేదు.

"సార్, మరి వీడు ఉండొచ్చా?" అని అడిగింది భార్య.

"ఉండకేం?" అన్నాడు పెద్దసారు, కష్టపడి స్టూలుమీంచి లేస్తూ. "నేనిప్పుడే చూశాగా. చెప్పినమాట వినే జంతువే."

ఆవిడ బుడంకాయని ఎత్తుకుని ఏడ్చేసింది. సంతోషంతో ఏడ్చింది కాబట్టి ఎవరూ ఓదార్చలేదు. తలుపు దాకా వెళ్ళిన పెద్దసారు ఆగి, వెనక్కి తిరగకుండా, "డాక్టరు మానొద్దన్నాడయ్యా" అని మాత్రం అని మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాత గుమాస్తా భార్యకి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ నవ్వి నవ్వి మిషనుమీద వాలిపోయింది. "అయితే డబ్బా తెరిస్తే వచ్చి కూర్చుంటున్నాడు అన్నది..."

"అబద్ధం చెప్పానా?" అన్నాడు గుమాస్తా.

సోమవారం ఆవిడ రెండు డబ్బాలూ నింపింది, రెంటికీ పేలిక కట్టింది. ఎర్రది బుడంకాయకి, నీలంది ఆఫీసుకి. పదకొండు గంటలకి బల్ల దగ్గర మూత టక్కుమంది. గది తలుపు తెరుచుకుంది. పెద్దసారు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ ఏమీ చెప్పకుండానే కుడిచెయ్యి చాపి, గుమాస్తా చేతిలో పెట్టాడు.

బుడంకాయ ఇంకా మొదటి పాఠంలోనే ఉంది.